వదినలు, మూలకణాలు

ఆ ఎండాకాలం నా బిడ్డ బాన్సువాడ బస్టాండులో దిగి, ఆటో ఎక్కకుండా ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. సంచి ఒక పక్కన పడేసి, చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. లేదు. తిన్నావా అంటే ఊఁ అంది. తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను బతిమాలే మనిషిని కాను. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చున్నాను. చెప్పాలనుకుంటే తనే చెబుతుంది.

అప్పటికి కొన్నేళ్లుగా అది హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఉంటోంది. చేసిన పనంతా కూడదీసి ఒక వ్యాసం రాశారు, అది అచ్చుకు వెళ్లబోతోంది, అందులో మొదటి పేరు నాదే అని అంతకు ముందు ఫోన్లో చెప్పింది. అచ్చయితే డాక్టరేటు వచ్చినట్టే. మా ఆయన బట్టల దుకాణంలో గుమాస్తా. ఆ సంగతి ఆయన చెప్పని గిరాకీ లేదు. అటువంటప్పుడు ఇది వచ్చి గోడకు తిరిగి పడుకుంది.

మాది మగ్గాల ఇల్లు. చిన్నతనంలో నా పని కండెలకు నూలు చుట్టడం. బడికి పంపుదామన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. తర్వాత మగ్గాలు మూలపడ్డాయి. పెళ్లయి బాన్సువాడ వచ్చాను, బీడీల పని పట్టుకున్నాను. తొంభైల్లో ఊరూరా పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పిన రోజుల్లో మా వాడలోనూ మధ్యాహ్నం పూట బడి పెట్టారు. అప్పటికి నాకు నలభై దాటాయి. మేము చాటలతో సహా వెళ్లి కూర్చునేవాళ్లం. చేతులు తునికాకు చుడుతుంటే కళ్లు నల్లబల్ల మీద ఉండేవి.

నా బిడ్డ అప్పుడు బడికి పోయే పిల్ల. సెలవు రోజున వచ్చి నా పక్కనే కూర్చునేది. నేను ప రాస్తే ఎట్లాగో కడుపులో గీత పడి ష అయ్యేది.

"అమ్మా, పలక తుడువు. గది ష."

"ఎరుకైనోళ్లు సదువుకుంటరు తియ్యే."

"ఎరుక లేనోళ్లు సదివితే?"

మా పక్కింటి వదిన నోరు ఊరుకోదు. "నీ బిడ్డ పంతులమ్మ కంటె ఘోరమే! అవ్వనన్న ఇడ్సిపెట్టదు" అనేది. నాకు కోపం వచ్చేది. కానీ తుడిచి మళ్లీ రాసేదాన్ని. ఇవ్వాళ ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే సగం ఆ పోరువల్లే.

హైదరాబాదులో చేరిన కొత్తలో ఏం పని బిడ్డా అని అడిగితే మూలకణాల మీద పని అని చెప్పింది. నేను పక్కింటి వదినకు చెప్పాను. వదిన ఇంకొకరికి చెప్పింది. ఆ మాట వాడ దాటేసరికి నా బిడ్డ మూలశంకకు వైద్యం చేస్తోందని అయింది. అది సెలవుకు వచ్చినప్పుడు బీర్కూర్ నుంచి ఒక ముసలాయన బస్సెక్కి మరీ వచ్చాడు. వాకిట్లో నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బిడ్డా, శాన తిప్పలైతుంది. నీ తాన మందుందంట గద?"

నా బిడ్డ ముఖం కందిపోయింది. గది కాదు తాతా, నాది వేరే పని అని చెప్పి చూసింది. ఆయన కదల్లేదు. చివరికి, "తాతా, కారం తగ్గియ్యి. నీళ్లు మంచిగ తాగు. దవాఖానల సూపెట్టుకో" అంది.

"గింత సదివి గిదేనా సెప్పేది? గిది మా ముసల్ది గూడ సెప్పింది" అని ఆయన వెళ్లిపోయాడు. మా ఆయన లోపల్నించి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఇంటికి వస్తే నాలుగు రోజులు ఉండేది కాదు. "కణాలకు మేత పెట్టాలె అమ్మా, ఆదివారం గూడ తప్పది" అనేది. బర్రెను కూడా పక్కింటివాళ్లకు ఒప్పజెప్పి ఊరెళ్లొస్తాం, ఇవెక్కడి కణాలే అని నేను విసుక్కునేదాన్ని. ఇంతకు మించి దాని పని సంగతి నాకు తెలియదు. అడగలేదు కూడా.

ఆసారి వచ్చిన మరుసటి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కకు పడుకోలేక లేచి వచ్చి నా ముందు కూర్చుంది. నా చాటలోంచి దారపు ఉండ తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "అమ్మా, నా పని తప్పైంది" అంది.

"ఏం తప్పు? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

చెప్పింది. మన ఒంట్లో ఉన్న కణాలన్నింటిలో ఒకటే దారం ఉంటుందట. డీఎన్ఏ అంటారు. కంటిలో ఉన్నదీ కాలేయంలో ఉన్నదీ అదే దారం. మరి కన్ను కన్ను ఎట్లా అయింది, కాలేయం కాలేయం ఎట్లా అయింది అని నన్నే అడిగింది. నాకేం ఎరుక అన్నాను.

"గా దారం ఉత్తగ ఉండది. చిన్న చిన్న ప్రొటీన్లకు చుట్టుకోని ఉంటది, నువ్వు కండెలకు నూలు చుట్టినట్టు. ఇంకా వేరే ప్రొటీన్లు వచ్చి దాని మీద కూసుంటయి. కొన్ని జాగల మూసిపెడ్తయి, కొన్ని జాగల తెరిచిపెడ్తయి. యాడ ఎవలు కూసున్నరో దాన్ని బట్టి గా కణం ఏమైతదన్నది. మూలకణం అంటె ఇంకా ఏం కానిది. ఏదన్న కావచ్చు. అండ్ల గీ ప్రొటీన్లు గట్టిగ కూసోవు. కూసుంటయి, లేస్తయి, మల్ల కూసుంటయి."

"పెండ్లి పందిట్ల పోరగాండ్ల లెక్క."

"ఆఁ, గట్లనే. నేను గా పోరగాండ్లల్ల ఒక్కని ఎంబడి పడ్డ. గీ ప్రొటీన్ దారం పొడుగున యాడాడ కూసుంటదో చూస్తున్న."

ఎట్లా చూస్తావని అడిగాను. ముందు ఒక మందు పోసి ఎక్కడివాటిని అక్కడే కదలకుండా ఆపుతారట. దారాన్ని ముక్కలు చేస్తారు. తర్వాత కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీ అనేదాన్ని అందులోకి వదులుతారు. అది తనకు గుర్తున్న ఒక్క ప్రొటీన్‌నే పట్టుకోవాలి. పట్టుకుంటే అది కూర్చున్న దారం ముక్క కూడా వెంట వస్తుంది. ఆ ముక్కను చదివితే ఆ ప్రొటీన్ ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. ఇట్లా పట్టి పట్టి, దారం మొత్తానికీ ఒక పటం గీసింది నా బిడ్డ. ఆ పటమే అచ్చుకు వెళ్లబోతోంది.

"మరి తప్పేడుంది?"

"గా ప్రొటీన్ అసలే లేకుంట చేసిన కణాలు ఉంటయి. ముందుగాల మాకు దొరకలే, మొన్ననే వేరే ల్యాబు నుంచి వచ్చినయి. వాటిల్ల గూడ గా యాంటీబాడీనే ఇడ్సిన. పట్టుకునేటందుకు మనిషే లేడు గద, ఉత్త చేతులతోని రావాలె గద?"

"రావాలె."

"రాలే. మల్ల గవే ముక్కలు పట్టుకొచ్చింది. రెండోసారి చేసిన. గవే."

నాకు ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమైంది. ఎందుకంటే మా వాడలో అట్లాంటిది ఒకటి జరిగింది.

మా వాడలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోం. అక్కా, వదినా, చిన్నమ్మా, అంతే. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లకు పుట్టింటి పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా పనిలేదు. ఒకనాడు పొద్దున ఎవరో మగమనిషి సైకిల్ మీద వచ్చి వాడ మొదట్లోనే నిలబడి, "వదినా! అన్నకు మంచిగ లేదు, దవాఖానల ఏసిన్రు, జల్ది రా" అని అరిచి, అదే ఊపులో వెనక్కు తిరిగి వెళ్లిపోయాడు. మా పక్కింటి వదిన గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. చేతిలో కత్తెర కూడా కింద పెట్టలేదు. ఆమె మనిషి ఆ రోజు పిట్లంలో పనికి వెళ్లాడు, నిక్షేపంగా ఉన్నాడు. దవాఖానలో ఎవరో ముఖం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, ఆ మంచం పట్టుకుని ఏడ్చింది. దుప్పటి తీసి చూస్తే ఎవరో బిచ్కుంద ఊరి మనిషి. ఆయనే భయపడి లేచి కూర్చున్నాడట. తర్వాత చాలా రోజులు వాడంతా దాన్ని తలుచుకుని నవ్వింది, వదిన కూడా నవ్వింది.

అయితే ఆ కబురు వచ్చింది ఎదురింటి ఆమెకు. ఆమెనూ వదిన అనే పిలుస్తాం. ఒక వదిన పలికింది, పరుగెత్తింది, ఇక మనకు కాదనుకుని ఆమె పొద్దుగూకే దాకా బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది. అక్కడ ఇంకొక మంచం మీద ఆమె మనిషి వాకిలి వైపు చూస్తూ పడుకున్నాడు. బతికాడు. కానీ తర్వాత ఎన్నేళ్లయినా ఆ ముచ్చట వస్తే ఆయన నవ్వేవాడు కాదు. "పొద్దంత సూసిన, ఒక్కరు రాలే" అనేవాడు.

నా బిడ్డతో ఇదంతా చెప్పలేదు. దానికి తెలుసు, అది పుట్టి పెరిగింది ఈ వాడలోనే గదా. "అంటే నీ కుందేలు వదినా అని పిలిచింది" అన్నాను.

అది వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది. "అవునే అమ్మా. గంతే. ఎవలో వేరే వదిన ఉరికొచ్చింది." నవ్వుతూనే ఏడ్చింది. నేను దారపు ఉండ దాని చేతిలోంచి తీసుకుని మళ్లీ నా పని చేసుకున్నాను. ఏడ్చేవాళ్లను చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు.

"ఎవలకన్న ఎరుకేనా గీ సంగతి?"

"ఎవ్వలకు తెల్వది. నాకే."

"మీ ల్యాబు సారుకు?"

"తెల్వది."

దీపాలు పెట్టే వేళకు మా ఆయన దుకాణం నుంచి వచ్చాడు. ఆయనకు కూడా చెప్పింది. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఇగో బిడ్డా, నిన్ను ఎవలన్న అడిగిన్రా? అడుగలే. ముందుగాల పట్టా చేతికి రానియ్యి. అటెన్క సరిజేసుకో."

"అచ్చయినంక సరిజేసుడు ఉండది బాపు. గా పటం చూస్కోని ఇంకోళ్లు పని మొదలువెడ్తరు. వాళ్లవి గూడ ఏండ్లకేండ్లు పోతయి."

"దునియల ఎవ్వలు తప్పు చేస్తలేరా? నీకొక్కదానికేనా ఫికర్?"

"వాళ్ల సంగతి నాకెందుకు బాపు?"

"గింత దూరం వచ్చి ఇప్పుడు ఎనుకకు పోతవా? రేపు నన్ను నలుగురు అడిగితే ఏం చెప్పాలె?"

నేను నడుమ కలగజేసుకున్నాను. "నువ్వు జర ఆగు. గది నీ దుకాణం కోసం సదువుకుంటలేదు."

"నువ్వే, నువ్వే చెడగొట్టినవ్ దాన్ని."

"చెడితే చెడ్డది. జర ఆగరాదు?" అని ఆయన నోరు మూయించి, నా బిడ్డను అడిగాను. "చెప్తె ఏమైతది?"

"అచ్చు ఆగిపోతది. మొత్తం మల్ల చెయ్యాలె. నాకొచ్చే స్కాలర్‌షిప్ పైసలు వచ్చే ఏడుకు బందైతయి. డాక్టరేటు వస్తదో రాదో."

"చెప్పకుంటె?"

"వస్తది."

రెండూ తేటగానే ఉన్నాయి. మా ఆయన నా ముఖం చూస్తున్నాడు. ఆయనకు ఆ పట్టా ఎంత ముఖ్యమో నాకు తెలుసు. గుడ్డలు కొలిచి కొలిచి ఆయన భుజం పడిపోయింది. ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి కౌంటర్ వెనుక, తనదని చెప్పుకోవడానికి ఆయనకున్నది ఈ బిడ్డ ఒక్కతే. నాకు మాత్రం లేదా? కానీ ఆ పటంలో ఏముందో మాకిద్దరికీ తెలియదు. తెలిసింది దానికే. మేము చెప్పేదేముంది?

"ఏది చేస్తె అన్నం గొంతు దిగుతదో గది చెయ్యి" అన్నాను.

మా ఆయన లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

మా ఇంటికి రేకుల కప్పు. లోపల ఫోన్ సరిగా పలికేది కాదు. వాకిట్లో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడితే వినపడేది. మరునాడు పొద్దున నా బిడ్డ అక్కడ నిలబడి సారుకు ఫోన్ చేసింది. అంతా ఇంగ్లిషు. నాకు తెలిసిన మాట ఒకటే దొరికింది, రాంగ్. దాన్ని రెండుసార్లు అంది. తర్వాత ఫోన్ చెవికి పెట్టుకుని వింటూ డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడింది. మా ఆయన లోపల చొక్కా వేసుకుంటూ గుండీలు తప్పు పెట్టుకుని, మళ్లీ విప్పి పెట్టుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఏమన్నడు?"

"'ఎవలెవలకు తెలుసు' అన్నడు. 'నాకే' అన్న. 'ఇప్పుడు నాకు గూడ' అన్నడు."

"ఇంకా?"

"తిట్టిండు. గీ పరీక్ష ముందే చెయ్యాల్సింది, గా కణాల కోసం ఆగకుంట ఇంకో తీరుగనన్న చూడాల్సింది అన్నడు. నిజమే గద. అచ్చు ఆపుతున్నడు. రమ్మన్నడు."

ఆ సారును నేను ఎన్నడూ చూడలేదు. ఆయన కోపం న్యాయమే అనిపించింది.

మా ఆయన ఇద్దరినీ దాటుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. నా బిడ్డ బస్సెక్కేటప్పుడు కూడా రాలేదు. బాపు రాడా అని అది అడగలేదు. బస్సు కదిలే దాకా దుకాణం ఉన్న దిక్కే చూసింది.

ఆ తర్వాత అదంతా మళ్లీ మొదటి నుంచి చేసింది. ఇంకొక యాంటీబాడీ తెచ్చారు. ముందు దాన్ని ఆ ప్రొటీన్ లేని కణాల్లోకి వదిలి చూశారు. ఈసారి ఉత్త చేతులతోనే వచ్చింది. అప్పుడు మామూలు కణాల్లోకి వదిలారు. పాత పటంలో దారం పొడుగునా ఉన్న గుర్తుల్లో చాలావరకు లేవు. ఎక్కడో అక్కడక్కడ కొన్ని మిగిలాయి. ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు దాని గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది.

"కొన్నన్న ఉన్నయి గద" అన్నాను.

"ఉన్నయి. అచ్చంగ గా ప్రొటీన్‌వే. గని గవి పెద్ద ముచ్చట కాదమ్మా."

పెద్ద ముచ్చట కాదంటే ఏమిటో నాకు అర్థమైంది. గొప్ప పత్రిక లేదు, గొప్ప పేరు లేదు. వచ్చే పైసలు బందయ్యాయి. అది ఇంటికి వచ్చి బాన్సువాడలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతూ, సెలవులకు హైదరాబాదు వెళ్లి మిగిలిన పని చేసుకుంటూ ఉండిపోయింది. పట్టా తర్వాత వచ్చింది. దాని సంగతి నేనిక్కడ రాయడం లేదు. నాకు గుర్తున్నది అది కాదు.

ఆ రోజుల్లో మా ఆయన దానితో మాట్లాడేవాడు కాదు. కొట్లాట లేదు, తిట్టు లేదు. "నీ బిడ్డను అడుగు చాయ తాగుతదా" అని దాని ముందే నన్ను అడిగేవాడు. అదేమో, "తాగుత అని చెప్పమ్మా" అనేది. ఒక గదిలో ముగ్గురం, నడుమ నేను టపా మోసేదాన్ని. ఒకనాడు విసుగొచ్చి, "మీ ఇద్దరికి నోళ్లు పడిపోయినయా? నాకు జీతమన్న ఇయ్యున్రి" అన్నాను.

వాడలో మాటలు వేరే. పక్కింటి వదిన నా ముఖం మీదే అంది. "అంత దూరం పోయి సదివి గిక్కడికేనా వచ్చింది? గదేదో ఈన్నే సదివితె కాకపోవునా?" నేను జవాబు చెప్పలేదు. మాటలు రాక కాదు. అసలు సంగతి చెప్పాలంటే ఆమె దవాఖాన ముచ్చట మళ్లీ ఎత్తాల్సి వస్తుందని.

అది కాలేజీలో చేరిన ఏడు, వానలు పడ్డాక ఒకనాడు రవిక గుడ్డ కోసం మా ఆయన దుకాణానికి వెళ్లాను. లోపల గిరాకీ ఉంటే మెట్ల మీదే నిలబడ్డాను. బీర్కూర్ దిక్కు నుంచి వచ్చిన రైతు ఒకాయన, తెలిసిన మనిషే, ధోవతి చూస్తూ అడిగాడు.

"ఏందే, నీ బిడ్డ డాక్టరైతదంటివి. ఈన్నే కాలేజీల కనవడవట్టె?"

మా ఆయన ఏదో ఒకటి సర్ది చెబుతాడనుకున్నాను. ఒంట్లో బాగలేదని, సెలవు పెట్టిందని.

"కాలే" అన్నాడు. "చేసిన పనిల తప్పు దొరికింది. ఎవ్వలు చూడలే, అదే చూసింది. అదే చెప్పింది. మల్ల చేస్తుంది."

"అయ్యో! చెప్పకుంటె అయిపోతుండె గద?"

"అయిపోతుండె."

రైతు ధోవతి అంచు వెనక్కూ ముందుకూ తిప్పి చూసి, "గిది ఉతికితె రంగు పోదు గద?" అని అడిగాడు. మా ఆయన, "పోతది. గా పక్కది తీస్కో" అన్నాడు. నేను రవిక గుడ్డ అడగకుండానే వెనక్కు తిరిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక నా బిడ్డకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పలేదు. అది వాళ్లిద్దరి మధ్య సంగతి. నేను టపా మోసింది చాలు.

సాయంత్రం నా బిడ్డ వాకిట్లో కాలేజీ పిల్లల పేపర్లు దిద్దుతోంది. మా ఆయన వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. రోజూ లోపలికి వెళ్లేవాడు, ఆ రోజు వెళ్లలేదు. కొంచెం దూరంగా అరుగు మీద కూర్చున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇగో" అన్నాడు. నన్ను చూసి కాదు. "నీ ప్రొటీన్ లేదన్న జాగల, మరి అండ్ల కూసున్నదెవలు?"

నా బిడ్డ పెన్ను ఆపింది. ఆయన వైపు తిరిగింది.

"తెల్వది బాపు."

"గదే జాతా, వేరేనా?"

"అసుంటిదే ఇంకొకటి కావచ్చు. ఖచ్చితంగ చెప్పరాదు. ఇంకా ఎవ్వలు చూడలే."

"నువ్వు చూస్తవా?"

"చూస్త. టైం పడ్తది."

"పట్టనియ్యి" అన్నాడు మా ఆయన. అరుగు మీద ఇంకొంచెం ఇటు జరిగి, "గా దారం ముచ్చట మొదటి కెల్లి చెప్పు. ఆనాడు నేను సక్కగ ఇనలే" అన్నాడు.